బల్ల మీది రబ్బరు జోళ్ళు

అందవికారంగా ఉంటాయి, అంతేగా మీరనేది? ఆ మాట మీకంటే ముందు నేనన్నాను. చాలాసార్లు అన్నాను, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేలా అన్నాను. కాబట్టి ఆ రబ్బరు జోళ్ళ గురించి కొత్తగా ఎవరూ నాకేమీ చెప్పక్కర్లేదు. అవి బూట్లూ కావు, చెప్పులూ కావు. కాలికి తొడిగితే కాలు కాలులా కనపడదు, తడిసిన పనసకాయలా కనపడుతుంది. లోపల కాసేపుంటే వేళ్ళు నానబెట్టిన మినప్పప్పులా తయారవుతాయి. నడిస్తే వచ్చే చప్పుడు గురించి పెద్దవాళ్ళ ముందు మాట్లాడకూడదు.

అయినా వాటిని కొన్నది నేనే. ఎందుకు కొన్నానో వినకుండా నవ్వేవాళ్ళంటేనే నాకు మండుతుంది.

నేను మద్రాసులో పెరిగినదాన్ని. బెజవాడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వస్తే భవానీపురంలో మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. డ్యూటీలో ఉన్నంతసేపూ చేతిలో ఫోనే. ఎవరు ఏ కూత కూసినా "నంబర్ ప్లీజ్" అనాలి. లైను దొరకలేదని బూతులు తిట్టిన బియ్యం వర్తకుడికి కూడా "థాంక్యూ" చెప్పాలి. నాకేమో పుట్టుకతోనే కోపం. అక్కడ మింగిందంతా సాయంత్రం నాతోపాటే భవానీపురం వచ్చేది. పెద్దమ్మ గుమ్మంలోనే నా మొహం చూసి, "ఇయ్యాళ ఎవుడు తిట్టాడే? వాడికివ్వాల్సింది నాకిచ్చెయ్యి, కోళ్ళకి నూకలు చల్లుకుంటా వింటాను" అనేది.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. పెదనాన్న పోయినప్పటినుంచీ పెరడే ఆమె బతుకు. వంకాయలు, బెండకాయలు, తోటకూర, గుడ్లు. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా వాటిమీదే నెట్టుకొచ్చింది. చక్కెర జబ్బు కూడా వాటితోపాటే పెంచుకుంది. నేను వచ్చే ముందు ఏడాదే కుడికాలి చిటికెన వేలు తీసేశారు. నేను వచ్చిన వానాకాలంలో అదే పాదం కింద కొత్తగా పుండు పడింది.

"నొప్పి లేదే. ఇదేం పుండు," అంది పెద్దమ్మ.

"నొప్పి లేకపోవడమేనమ్మా జబ్బు," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. నా వైపు తిరిగి, "ఇంకోసారి వట్టి కాళ్ళతో ఆ కోళ్ళ రొచ్చులో తిరిగితే ఈసారి వేలు కాదు, పాదం తీసెయ్యాలి. చెప్పు ఈవిడకి," అంది.

చెప్పాను. దారి పొడుగునా చెప్పాను. జట్కా గుర్రం కూడా విన్నది. పెద్దమ్మ వినలేదు.

యుద్ధం అయిపోయి మిలటరీ సరుకు బజారులోకి వచ్చిన రోజులవి. రైలుస్టేషను దగ్గర టార్పాలిను మీద దుప్పట్లు, డబ్బాలు, బెల్టులు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. ఆ గుట్టలో నాకొక రబ్బరు బూట్ల జత దొరికింది, మోకాళ్ళ దాకా వచ్చేవి. పెద్దమ్మ మోకాళ్ళ దాకా ఏదీ తొడగదని నాకు తెలుసు. అందుకని చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి చీలమండ కింద దాకా కోసెయ్యమన్నాను.

"ఇంత మంచి బూట్లు కొయ్యమంటారేంటమ్మగారూ!" అన్నాడాయన. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి మరీ కోశాడు.

పైన మిగిలిన రెండు గొట్టాల్నీ పెద్దమ్మ ఆ సాయంత్రమే పట్టుకెళ్ళి, కోళ్ళు తవ్వకుండా వంగ మొక్కల చుట్టూ పాతేసింది. చాలా బాగా పనికొచ్చాయట. నా తెలివిని మెచ్చుకుంది. జోళ్ళు మాత్రం పెరటి గుమ్మం దగ్గర పెట్టి ఊరుకుంది.

"పెద్దమ్మా, జోళ్ళేవి?"

"గుమ్మం దగ్గరే ఉన్నయ్యిగా."

"గుమ్మానికేం చక్కెర జబ్బు లేదు. నీ కాళ్ళకెయ్యి."

"నేలకి చెప్పు తగిలితే మొక్క ఏడుస్తదే. వట్టికాలు పెడితేనే మడి తడిసిందో లేదో తెలిసేది."

"నీ కాలికి పుండు పడితేనే తెలియలేదు, మడి తడిస్తే తెలుస్తుందా?"

ఈ మాటకి జవాబు లేదనుకున్నాను. ఉంది. వినపడనట్టు నల్లకోడిని పిలవడమే ఆ జవాబు.

సరే, వేసుకుని చూపిస్తే సిగ్గుపడి వేసుకుంటుందని, పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు గూడు తెరిచే పని నేనే పెట్టుకున్నాను. ఆ జోళ్ళు వేసుకునే. మిలటరీవాడి పాదాలేమో, నా రెండు కాళ్ళూ ఒక్కదాంట్లో పట్టేవి. ముందు గుడ్డపీలికలు కుక్కాను. ఒకరోజు గుడ్డలు కదిలాయి. నేను కుక్కిన గుడ్డలు కాదు, కప్ప. ఆ రోజు నేను వేసిన కేకకి వంతెన అవతల సీతానగరంలో కూడా ఎవరో ఉలిక్కిపడే ఉంటారు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, వాటిలో కొన్ని సుగుణాలు లేకపోలేదు. కోడి రెట్ట తొక్కితే చెంబుడు నీళ్ళు పోస్తే పోతుంది. పల్లేరుకాయ గుచ్చుకోదు. మా పుంజుకి మనిషి మడమ కనపడితే పొడవడం అలవాటు. మొదటి రోజు వచ్చి రబ్బరుని పొడిచింది, ఆగింది, మళ్ళీ పొడిచింది, అవమానపడి వెళ్ళి గోడెక్కింది. ఆ ఒక్క దృశ్యం కోసం నేను ఆ చెమట భరించాను. కోళ్ళు కూడా ఆ చప్పుడుకి అలవాటు పడ్డాయి. నేను గుమ్మం దాటకముందే వచ్చి వరసగా నిలబడేవి.

పెద్దమ్మ సిగ్గుపడలేదు. "నీకు బాగున్నయ్యే," అంది.

చివరికి ఒక ఆదివారం అడిగేశాను. "నీకు తోలు చెప్పులున్నాయిగా. చర్చికి తీసుకెళ్తావుగా. మరి ఇవి వేసుకోవడానికేం?"

ఆ తోలు చెప్పుల సంగతి కూడా చెప్పాలి. మా ఇంటినుంచి చర్చికి పోవాలంటే పెద్ద వీధిలోంచి పోవాలి. పెద్దమ్మ చెప్పులు చంకలో పెట్టుకుని వీధంతా నడిచేది. చర్చి వాకిట్లో వేసుకునేది. గుమ్మం దగ్గర మళ్ళీ విప్పేది. అంటే ఆ చెప్పులు వాటి జీవితంలో చర్చి వాకిలి తప్ప ఇంకేమీ చూడలేదు. తోలు అరిగిపోతుందని పొదుపు చేస్తోందనుకునేదాన్ని నేను.

పెద్దమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ, తలెత్తకుండా చెప్పింది. "మీ అమ్మమ్మ ఒకసారి మర్చిపోయి చెప్పులతోటే ఆ వీధిలోంచి నడిచింది. కామందు గారి మనుషులు ఆ చెప్పులు ఆమె నెత్తిమీద పెట్టి ఊరంతా తిప్పారు. నేను ఆమె కొంగు పట్టుకుని ఎనకాలే నడిచాను. ఇప్పుడెవరూ ఏమీ అనర్లే. అయినా మన పేటలో ఎవరూ వేసుకోరు. నా కాళ్ళకి అలవాటు లేదమ్మాయ్, అంతే. ఆ గిన్నె ఇట్లా జరుపు."

గిన్నె జరిపాను. మళ్ళీ అరవాలని నోరు తెరిచాను గానీ ఎవరిమీద అరవాలో తెలియలేదు. ఎక్స్ఛేంజిలో అయితే "లైను ఖాళీ లేదండీ" అనేదాన్ని.

అట్లాగని పుండు ఆగలేదు. కట్టు విప్పినప్పుడల్లా కాస్త పెద్దదైంది. డాక్టరమ్మ నన్నే తిట్టింది.

అప్పుడు కోత పండగ వచ్చింది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మా చర్చిలో ఏడాదికోసారి ఎవరి పంటలోది వాళ్ళు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, ధాన్యం, కాళ్ళు కట్టిన కోళ్ళు. పాస్టరు గారు ప్రార్థన చేశాక సంఘపెద్ద వాటిని వేలం పాడతాడు. పాటలో వచ్చిన వస్తువుని వద్దనకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, వాడకుండా పారెయ్యకూడదు. మా నల్లకోడి అట్లా పాటలో వచ్చిందే. గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసింది. కోద్దామంటే పెద్దమ్మ, "బల్ల మీంచి వచ్చింది, దాని జోలికి రాకు" అనేది. అది ఇంట్లో అందరికంటే మర్యాదగా బతుకుతోంది.

నాకు పొద్దున డ్యూటీ ఉండటంతో చర్చికి ఆలస్యంగా వెళ్ళాను. నా చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కూచుని బల్ల వైపు చూశాను. ఒక గుమ్మడికాయకీ ఒక అరటిగెలకీ మధ్య, తెల్లటి గుడ్డ మీద, కొబ్బరినూనె రాసి నిగనిగలాడుతూ రబ్బరు జోళ్ళు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో బంతిపువ్వు.

చెప్పులతో ఎవరూ అడుగు పెట్టని చోట అవొక్కటే దర్జాగా కూచున్నాయి. పాస్టరు గారు గుమ్మడికాయ మీద చెయ్యి చాపారు, జోళ్ళ దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగారు, తర్వాత వాటిమీద కూడా చాపారు.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది.

"ఏంటిది?" అన్నాను చెవిలో.

"నాకున్నదాంట్లో మంచిది దేవుడికిచ్చుకున్నా. దేవుడికిచ్చింది ఎనక్కి అడుగుతావటే?"

"అడగను. పాడతాను."

పెద్దమ్మ కళ్ళు తెరిచింది.

వేలంలో జోళ్ళ వంతు వచ్చింది. "జత రబ్బరు జోళ్ళు, గట్టివి," అన్నాడు సంఘపెద్ద. వాటిని ఎటు పట్టుకోవాలో తెలియక కోడిని పట్టుకున్నట్టు కాళ్ళ దగ్గర పట్టుకోబోయాడు. అందరూ నవ్వారు. నేను పెద్దమ్మ పేరుమీద పాడాను. వెంటనే జట్కా తోలే ఆయన పైన పాడాడు.

"నీకెందుకయ్యా ఇవి?" అన్నాను లేచి నిలబడి.

"రబ్బరెక్కడ దొరుకుతందమ్మా? ముక్కలు కోసి బండి ఇరుసు దగ్గర వేస్తా. కుదుపు తగ్గుద్ది."

ముక్కలు! నాకిక ఒళ్ళు తెలియలేదు. ఎక్స్ఛేంజిలో మద్రాసు లైను సరిగా వినపడనప్పుడు వాడే గొంతు ఒకటుంది, అది తీశాను. ఆయనా తగ్గలేదు. ఎంత దాకా వెళ్ళిందో ఇక్కడ రాయను. మా అమ్మకి తెలిస్తే ట్రంక్ కాల్ చేస్తుంది, ఆ కాల్ కలపాల్సింది నేనే. చివరికి జట్కా ఆయన చేతులెత్తేసి, "నీ ఇరుసే పెద్దదిలే తల్లీ," అని కూచున్నాడు. సంఘపెద్ద మూడోసారి కూడా అనేసి, పెద్దమ్మ పేరు రాసుకుని జోళ్ళు నా చేతిలో పెట్టాడు.

చర్చి వాకిట్లోకి వచ్చాక వాటిని పెద్దమ్మ కాళ్ళ ముందు పెట్టాను. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళంతా చూస్తున్నారు. పెద్దమ్మ జోళ్ళవైపు చూసింది. చర్చివైపు చూసింది. చాలాసేపు ఇద్దర్నీ తిట్టుకున్నట్టుంది, నన్నూ దేవుణ్ణీ.

"బల్ల మీంచి వచ్చినయ్యి," అంది చివరికి, ఓడిపోయిన గొంతుతో. తొడుక్కుంది.

పెద్ద వీధి మొదలయ్యే చోట ఆగింది. మా పేటవాళ్ళందరూ చెప్పులు విప్పడానికి ఆగేది అక్కడే. వంగి కుడి జోడు విప్పింది. నేను తిట్లు సిద్ధం చేసుకున్నాను. పెద్దమ్మ జోడు తలకిందులు చేసి దులిపింది. నలిగిన బంతిపువ్వు రాలి పడింది. దాన్ని తీసి కొప్పులో పెట్టుకుని జోడు మళ్ళీ తొడుక్కుంది.

"గుచ్చుకుంటంది," అంది.

నొప్పి తెలియని పాదానికి పువ్వు గుచ్చుకోవడమేమిటని నేనడగలేదు.

వీధి మధ్యలోంచి నడిచింది. చప్, చప్, చప్. ఆ చప్పుడు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. కామందు గారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. పేపరు దించారు.

"ఏమే, కాళ్ళకేంటవి?"

"రబ్బరు జోళ్ళండీ బాబుగారూ. పాటలో వచ్చినయ్యండి. డాక్టరమ్మ ఇప్పొద్దందండి."

ఆయన మెడ ముందుకి చాపి చూశారు. "అందవికారంగా ఉన్నాయి," అని పేపరు ఎత్తుకున్నారు.

"అవునండీ," అంది పెద్దమ్మ. చప్, చప్ అంటూ ముందుకి నడిచింది.

వానాకాలమంతా నేనన్న మాటే అది, అక్షరం తేడా లేదు. అయినా నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. వెనక్కి తిరగబోతే పెద్దమ్మ నా జడ పట్టుకుని లాక్కుపోయింది.

పుండు మానింది. డాక్టరమ్మ ఈసారి నన్ను తిట్టలేదు, పొగడనూ లేదు. జోళ్ళు పెద్దమ్మ కాళ్ళకే ఉంటున్నాయి. పెరట్లో, వీధిలో, కూరల బజారులో. నాకు ఒక్కపూట కూడా ఇవ్వదు. పాటలో వచ్చింది ఇంకొకరికి ఇవ్వకూడదట. దాంతో పొద్దున్నే వట్టి కాళ్ళతో రెట్టలు తొక్కేది నేను, పుంజు పొడిచేది నా మడమని. కోళ్ళు నన్ను చూసి కదలవు. ఆ చప్పుడు వస్తేనే లేస్తాయి.

కాబట్టి నా అభిప్రాయం ఏమీ మారలేదు. చెమట, కంపు, కప్ప, అన్నీ నిజమే. అవి అందవికారమైనవి, ఆ మాట అనే హక్కు నాకుంది, పాడి మరీ కొనుక్కున్నాను. ఇంకొకరెవరైనా నా ముందు నిలబడి అదే మాట అంటారా?

ఏం, మీరంటారా?