నాయినకు వేసిన కొత్త సూది

పందొమ్మిదివందల ఎనభైల నడుమ ఒక ఏడాది, నాయినకు మూత్రపిండంలో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తులదాకా పాకిందని తెలిసింది. తమిళనాడులో మా ఊరు వెల్లిచందైకి దగ్గరున్న ధర్మపురి డాక్టరు మద్రాసులోని పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడి డాక్టరు మా అన్నను ఒక్కణ్ణే గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. అన్న నవ్వుతూ బయటికి వచ్చాడు.

"కొత్త సూది వచ్చిందంట. నయమైపోతుందన్నారు."

నేను నమ్మాను. సూది వేసిన ప్రతిసారీ నాయిన చలిజ్వరంతో మంచం కదిలేలా వణికేవాడు. "ఇంక వద్దు పాపా, వెల్లిచందైకి పోదాం" అని బతిమాలేవాడు. "నయమయ్యే మందు నాయినా, కొంచెం ఓర్చుకో" అని నేనే ఆయన చెయ్యి పట్టుకుని నర్సు ముందు చాపించేదాన్ని. అమ్మ పోయినప్పటినుంచి ఆయన నా మాట కాదనేవాడు కాదు.

అన్న పొలం పని చూసుకోవడానికి ఊరికి వెళ్లినప్పుడు, ఎప్పటికి తగ్గుతుందని డాక్టరును తమిళంలో అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"మీ అన్న చెప్పలేదా? ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా చూస్తున్నామమ్మా. ఇంత చిక్కిపోయి, రక్తం తగ్గి, జబ్బు తొందరగా పాకినవాళ్లలో ఆశ తక్కువ. కొన్ని నెలలేనని మొదటిరోజే చెప్పాను."

"మా నాయినకు చెప్పారా?"

"వద్దని మీ అన్నే అన్నాడు."

నాయినకు నేనే చెప్పాను. గోడవైపు తిరిగి విన్నాడు.

"నన్ను అడిగింటే ఒప్పుకునేవాణ్ణేమో. ఒళ్లు నాది గదా." మళ్లీ నావైపు తిరిగాడు. "నువ్వూ తెలిసే చెప్పినావా పాపా?"

లేదన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

సూదులు మానేసి ఊరికి వచ్చేశాం. నాయిన కొన్నాళ్లు సంగటి తినగలిగాడు. అన్నతో పొలం సంగతులు మామూలుగానే మాట్లాడేవాడు. నేను జ్వరం మాత్ర ఇచ్చినా మాత్రం "ఇది దేనికి? నిజం చెప్పు" అనేవాడు. వేరుశనగ పీకే రోజుల్లో పోయాడు.

కర్మలయ్యాక అన్నను నిలదీశాను. "నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"నిజం తెలిసింటే నువ్వు నాయినను ఒప్పించగలిగేదానివా?" అన్నాడు. తప్పు చేశానన్న బాధ కూడా వినిపించలేదు ఆ గొంతులో.

ఇప్పటికీ పెళ్లిళ్లలో కలుస్తాం, పక్కపక్కన కూర్చుని తింటాం. అన్న ఏదైనా మంచి కబురు చెబితే, ఇంకెవరినైనా అడిగి తెలుసుకున్నాకే నమ్ముతాను.