ఖాళీ తాళ్లు

వాన వెలిసి ఎండ కాసిన ఆదివారం మా లేడీస్ హాస్టల్ మేడ మీద ఒక వాసన ఉంటుంది. సగం ఆరిన బట్టలది, సబ్బుది, రుషికొండ వైపు నుంచి వీచే ఉప్పుగాలిది కలిసిన వాసన. ఇవాళ ఉదయం ఆ వాసన తగలగానే నా కళ్లు బట్టలారేసే తాళ్ల మీదకు వెళ్లాయి. ఇక్కడ గదికొక తాడు. మూడో అంతస్తువి మూడు తాళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇలా చూడడం నాకు నూకరత్నం నేర్పింది.

నేను ఈ కాలేజీలో నర్సుగా చేరిన మొదటి ఏడు, వానాకాలపు ఫ్లూకు క్యాంపస్‌ను సిద్ధం చేసే పని ప్రిన్సిపాల్ గారు నాకే అప్పగించారు. గోడలకు పోస్టర్లు అంటించాను, కుళాయిల దగ్గర సబ్బులు పెట్టించాను, జ్వరం వచ్చినవాళ్లను వేరుగా ఉంచడానికి కింద రెండు గదులు కడిగించి తాళం వేసుకున్నాను. అంతా చేసినా తలనొప్పి వచ్చిన పిల్ల నా దగ్గరకు రాదు. మెట్ల పక్కన స్టూలు మీద కూర్చునే హాస్టల్ ఆయా నూకరత్నం దగ్గరకు పోతుంది. ఆమెది మల్కాపురం, చదువు లేదు. పిల్లలు ఆమెను పిన్నీ అనేవాళ్లు, నన్ను మేడమ్ అనేవాళ్లు. పిన్నీ అన్న పిలుపు చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండేది. తెల్ల కోటు వేసుకుని ఒక ఆయా మీద కుళ్లుకోవడం సిగ్గుచేటని తెలుసు. తెలిసీ కుళ్లుకునేదాన్ని.

నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ కాసిన ఒక ఆదివారం ఆమె నన్ను మేడ మీదకు తీసుకెళ్లింది.

"ఇటు సూడండి సిస్టరమ్మా. రెండో అంతస్తు పిల్లల తాళ్లు నాలుగు కాళీగా ఉన్నాయి. ఇంత ఎండలో బట్టలుతకనేదంటే ఒంట్లో బాగోనేదన్నమాట."

"బద్ధకమేమో," అన్నాను.

"ఒక్క తాడయితే బద్దకం. వరసగా నాలుగయితే జొరమే. మా మల్కాపురంలో ఆరేసిన బట్టల మీద పోర్టు బొగ్గు నల్లపొడి పడిపోతాది. ఎవులు ఆరేసినారు, ఎవులు తీయనేదు అని సూత్తానే పెరిగినాను. ఆ రెండు గదులూ ఇయాలే తెరిపించీయండి."

ఆమె చెప్పింది నిజమేనని నాకు అప్పుడే అనిపించింది. గదులు తెరిస్తే పిన్నే కనిపెట్టిందని హాస్టలంతా చెప్పుకుంటారు. ఆ మాట వినలేక, రేపు చూద్దామన్నాను. తాళంచెవి నా కోటు జేబులోనే ఉంది.

బుధవారానికి పదకొండు మంది మంచమెక్కారు. వాళ్లలో ఉబ్బసం ఉన్న ఒక పిల్లకు ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. పిల్ల గండం గట్టెక్కాక ప్రిన్సిపాల్ గారు నన్నూ నూకరత్నాన్నీ పిలిచి, ముందుగా ఎవరికైనా తెలిసిందా అని అడిగారు.

"నాకు తెలిసింది సార్," అంది నూకరత్నం. "సిస్టరమ్మకి సెప్పడం ఆలీసం సేసీసినాను."

ఆమెను హాస్టల్ నుంచి తీసేసి లైబ్రరీ ఊడ్చే పనికి వేశారు. నేను నోరు విప్పలేదు. మెట్ల పక్కన స్టూలు ఖాళీ అయినందుకు లోలోపల ఊరట కూడా కలిగింది, దాచడమెందుకు. వారం తర్వాత లైబ్రరీకి వెళ్లి, అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"మిమ్మల్ని పంపించీత్తే పిల్లలకి సూదేసేవోలు ఎవులు? నాను బట్టలు సూసేదాన్నే కదా," అని చీపురు అందుకుంది. నింద మోసి కూడా ఆమే నాకంటే పెద్దదైపోయింది. దానికీ అసూయపడ్డాను.

ఆమె పని మానేసి మల్కాపురం వెళ్లిపోయి చాలా కాలమైంది. పాత విద్యార్థినులు ఎప్పుడైనా వస్తే, నా గది దాటి వెళ్లి పిన్ని ఏదని వాచ్‌మన్‌ను అడుగుతారు. ఇప్పటికీ చురుక్కుమంటుంది.

ఇవాళ మేడ దిగగానే కింది గదులు రెండూ తెరిపించాను. మూడో అంతస్తులో ముగ్గురికి జ్వరం తగిలింది. కొత్తగా చేరిన నర్సు దుప్పట్లు పరుస్తూ, "తాళ్లు చూసి ఎలా కనిపెట్టారు మేడమ్?" అంది. ఇన్నేళ్లూ ఎవరడిగినా అనుభవం అనేదాన్ని. ఇవాళా ఆ మాటే నాలుక చివరకు వచ్చింది.

"నూకరత్నం అని ఇక్కడొక ఆయా ఉండేది. ఆమె చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు నేను గదులు తెరవలేదు."

"ఎందుకు మేడమ్?"

"పిల్లలు ఆమెను పిన్నీ అని పిలిచేవాళ్లు," అన్నాను.