గ్రాఫ్‌లో గూనిని చెరపనివ్వని భాస్కరన్న

నిన్న పొద్దున ఆఫీస్ బస్సులో ఉండగా మా పాత ల్యాబ్ గ్రూప్‌లో మెసేజ్.

భాస్కరన్న పోయారు. హార్ట్ ఎటాక్.

మళ్లీ మళ్లీ చదివాను. పేరు మారలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నేను పీహెచ్‌డీ చేసిన ల్యాబ్‌లో ఆయన టెక్నీషియన్. వాషర్‌మెన్‌పేట్ తెలుగువారు, తాతల కాలం నుంచీ మద్రాసే. ఆ బిల్డింగ్ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

గాజులో అణువులు ఎలా కంపిస్తాయో చూడటం మా పని. గాజు ముక్కని లిక్విడ్ హీలియంతో బాగా చల్లబరిచి, కొద్దికొద్దిగా వేడి ఇస్తూ, ఎంత పీల్చుకుంటుందో కొలిచేవాళ్లం.

ఫస్ట్ ఇయర్‌లో నేనో ఘనకార్యం చేశాను. నా గ్రాఫ్ ఒకచోట గూనిలా పైకి లేచింది. శాంపిల్‌ని అతికించే గ్రీజు ఎక్కువైందనుకుని, ఆ పాయింట్లన్నీ తీసేసి గీతని నున్నగా చేసేశాను. గైడ్‌కి చూపించబోతుంటే అన్న ఆపారు. తిట్టలేదు. అదే పదార్థపు స్ఫటికాన్ని పెట్టి, రెండు రోజులు నాతోపాటు కూర్చుని కొలిపించారు. ఆ గూని రాలేదు. మళ్లీ గాజు పెడితే వచ్చింది.

"గ్రీజు కాదుమా. స్ఫటికంలో అన్నీ వరసగా ఉంటాయి, కలిసి ఊగతాయి. ఈడ వరస లేదు. కొన్ని వాటి పాటికి అవి ఊగతా ఉంటాయి. నువ్వు చెరిపింది వాటినే."

నా థీసిస్ మొత్తం ఆ గూని మీదే.

తర్వాత నేను ఐటీ ఉద్యోగంలోకి వచ్చేశాను. ఆయనకి ల్యాబ్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. ఇంట్లో ఒక్కరే. తమ్ముడి పిల్లలు తమిళమే మాట్లాడతారు.

అందుకే ఆదివారాలు ఫోన్ చేసేవారు. కొత్త గాజు పోశాం, ఎట్లొచ్చిందో చూద్దువు రా అనేవారు. వస్తానన్నా అనేదాన్ని. పోయిన ఆదివారం కూడా అదే అన్నాను.

అరగంట ప్రయాణం. వెళ్లలేదు. బద్ధకం, అంతే.

నిన్న అన్న ఇంటికి వెళ్లాను. తమ్ముడి కుటుంబం వచ్చి ఉంది. పెదనాన్న ఆ ల్యాబ్‌లో ఏం చేసేవారని తమ్ముడి కూతురు తమిళంలో అడిగింది. నాకొచ్చిన అరకొర తమిళంలో గాజు, చలి, అణువులు అంటూ ఏదో చెప్పాను. పాపం, అర్థమైనట్టు తల ఊపింది.

మీరే సరిగ్గా చెప్పండన్నా అందామని పక్కకి తిరిగాను.

అలవాటు.

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

వెళ్లి రండన్నా. ఉన్నచోట మీకు శాంతి దొరకాలి. మాట్లాడటానికి ఒక మనిషీ దొరకాలి.