కుప్పంలో నా సైకిలుకు వేసిన రంగులు

మదనపల్లెలో నేనుండే అపార్టుమెంటు గేటుకు మొన్న రంగు వేయించారు. కూరగాయల సంచీతో వస్తున్నదాన్ని, ఆ ఎనామిల్ వాసన తగలగానే కాళ్ళు ఆగిపోయి, "కింద తుప్పు బాగా గీకినావా అప్పా?" అని అడిగాను. ఆ పెయింటరు చెవుల్లో ఏవో పెట్టుకొని పాటలు వింటున్నాడు, తలైనా ఎత్తలేదు. పైకొచ్చి కిటికీలోంచి చూస్తే, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు కూడా అతడి దగ్గర ఒక్క నిమిషం ఆగడం లేదు. నా ఈడు వాళ్ళకు వేరే చెప్పాలా! మా రోజుల్లో రంగు వేస్తున్న మనిషిని చూసి, సలహా చెప్పకుండా దాటిపోయేవాడు మా జిల్లాలో పుట్టలేదు. కుప్పంలో కొన్నేళ్ళు నేను ఆ సలహాల మీదే బతికాను.

తొంభైల మొదట్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చి, కుప్పం దగ్గర ఒక పల్లె బడికి వేశారు. కాలేజీ రోజుల్లో నాన్న కొనిచ్చిన లేడీస్ సైకిలును బస్సు మీద వేసుకొని పోయి, కుప్పంలో ఒక ఇంటి ముందు గదిలో అద్దెకు దిగాను. మదనపల్లెలో మాది పదిమంది మసలే ఇల్లు, అన్నం తినేటప్పుడు కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉండేవారు. కుప్పంలోనో, ఆ వీధిలో సగంమంది పొద్దున్నే బెంగుళూరు రైలు పట్టుకోవడానికి పరుగెత్తిపోయేవాళ్ళు, మిగతావాళ్ళు తమలో తాము అరవమూ కన్నడమూ కలిపి మాట్లాడుకునేవాళ్ళు. ఇంటి ఓనరక్క సంగతి ఇక చెప్పనే వద్దు. భర్త బెంగుళూరులో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు, పిల్లలు లేరు, ఆవిడ నాతో తలుపు సందులోంచి తప్ప మాట్లాడి ఎరగదు. బడి ఉన్న రోజుల్లో పిల్లలతో ఎలాగో గడిచిపోయేది గానీ, ఆదివారం వచ్చిందంటే నా గొంతు నాకే వినబడక పిచ్చెత్తినట్టుండేది.

ఆ ఏడు వానలకు సైకిలు ఫ్రేము మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచి, కింద తుప్పు కనిపించింది. షాపులో ఇస్తే వారం రోజులు సైకిలుండదు, బడికి పోవడం ఎట్లా? అందుకని ఉప్పుకాగితం, ఒక చిన్న డబ్బా ఆకుపచ్చ ఎనామిల్, ఒక కుంచె కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే సైకిలును వీధరుగు మీద తలకిందులుగా నిలబెట్టి గీకడం మొదలుపెట్టాను. అంతే! పాలాయన ఆగాడు. పట్టుగూళ్ళ మూట సైకిలుకు కట్టుకొని మార్కెట్టుకు పోతున్న రైతు దిగి, ముందు ఎర్ర ప్రైమరు పూయకపోతే రంగు నిలవదని గట్టిగా చెప్పాడు. ఇంకొకాయన, అట్లా అడ్డంగా కాదు, పొడుగునా లాగాలని నా చేతిలో కుంచె తీసుకొని తానే లాగి చూపించాడు. మధ్యాహ్నానికి నా అరుగు రచ్చబండ అయిపోయింది, నాకు కడుపు నిండిపోయింది.

ఇక చూడండి నా సంబరం. రెండు నెలలు తిరక్కుండానే ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది, నీలం పోయి నేరేడుపండు రంగు వచ్చింది. రంగు బాగానే ఉన్నా ఎక్కడో ఒక గీత వెతుక్కొని, దొరక్కపోతే తాళంచెవితో నేనే ఒకటి గీసి, మళ్ళీ ఉప్పుకాగితం అందుకునేదాన్ని. బడి పిల్లలు టీచరమ్మ సైకిలు ఊసరవెల్లి అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, నాకేం!

ఆ ఊపులోనే ఒకసారి రిమ్ములకు కూడా వెండి రంగు పూశాను. మెరిసిపోతుంటే మురిసిపోయి, మరునాడు బడికి బయలుదేరాను. రైల్వే గేటు దాటాక పల్లంలో బ్రేకు పట్టుకుంటే ఎక్కడ పడుతుంది, రబ్బరు ఆ నున్నటి రంగు మీద జారిపోయింది, నేను పోయి రాగిచేలో పడ్డాను. మోచేతులు గీరుకొని, చీరంతా మట్టితో సైకిలు నడిపించుకొంటూ ఇంటికొస్తే, ఎన్నడూ గడప దాటి రాని ఓనరక్క బయటికి ఉరికొచ్చింది. "రిమ్ములకు ఎవురన్నా రంగేస్తారా టీచరమ్మా! సదువుకున్నావే గానీ..." అని తిడుతూనే నా చేతులు కడిగి పసుపు పెట్టింది. తర్వాత కిరసనాయిలు గుడ్డతో ఆ రంగంతా తుడిచి, ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండూ బూడిదా వేసి రిమ్ములు తోమింది. నాకు ఏడుపొచ్చింది. దెబ్బల వల్ల కాదు.

ఆనాటి నుంచి ఆదివారాలు మా ఇద్దరివీ. ఫ్రేము నాది, రిమ్ములు ఆమెవి. సైకిలు చుట్టూ చేరినవాళ్ళకు ఆమె మజ్జిగ కూడా ఇచ్చేది.

రెండువేల సంవత్సరం దాటాక నాకు పుంగనూరుకు బదిలీ అయింది. అప్పటికి మోపెడ్ కొనాలనుకుంటున్నాను, సైకిలు అమ్మేద్దామంటే, "అది ఈడ్నే ఉండనీ టీచరమ్మా" అని అక్క అడిగి తీసుకుంది. ఆమెకు సైకిలు తొక్కడం రాదు. జ్ఞాపకానికి కాబోలు అనుకున్నాను.

కొన్నేళ్ళకు, తోటి టీచరు కూతురి పెళ్ళికని కుప్పం పోయి ఆ వీధిలోకి వెళ్ళాను. అక్క భర్త పోయినట్టు అంతకుముందే విన్నాను గానీ అప్పుడు రాలేకపోయాను. ఆదివారమే. అక్క అరుగు మీద సైకిలును తలకిందులుగా పెట్టుకొని, కుంచెతో రంగు పూస్తోంది. పొర మీద పొర పడి ఆ సన్నటి గొట్టాలు లావెక్కిపోయి ఉన్నాయి. ఇదేమిటక్కా అంటే నవ్వింది.

"నువ్వు ఎందుకు రంగేస్తాంటివో నాకు తెలీదనుకున్నావా? నాకూ మాటాడేదానికి ఎవురూ లేకపాయె, అందుకే దీన్ని పెట్టుకుంటి. మొదట్లో నిలబడి పలకరిస్తాండ్రి. ఇప్పుడు అందురూ మోటార్ బండ్ల మీద సర్రున పోతాండారు."

నేను పెళ్ళి భోజనం మాట మరిచి, పట్టుచీర కొంగు దోపుకొని ఇంకో కుంచె అందుకున్నాను. సాయంత్రం బస్సు వేళదాకా ఇద్దరం పూస్తూనే ఉన్నాం. ఒక్కరూ ఆగలేదు.

అక్క పోయి చాలా కాలమైంది. ఆమె కుప్పంలో అట్లా ఒంటరిగా కూర్చున్న ఆదివారాలన్నీ, నేను పుంగనూరులో తలుపు వేసుకొని, ఎవరైనా వస్తే బాగుండునని కూర్చున్నవే. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక పూట బస్సు ప్రయాణం. ఇప్పుడు చేతిలో ఫోనుంది, మనిషిని పలకరించడానికి రంగూ అక్కర్లేదు, సాకూ అక్కర్లేదు, కూర్చున్నచోటి నుంచే ఎంతసేపైనా మాట్లాడవచ్చు. నేను మాట్లాడాలనుకున్న మనిషే లేదు.