అవ్వ కుండకు నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో క్రిమి అంటే శత్రువు, అంతే. క్రిముల్లో మంచివాటికొక పద్దు, చెడ్డవాటికొక పద్దు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు. నారాయణఖేడ్ బస్టాండు ఎదుట ఒక మందుల దుకాణంలో కొత్తగా కుదిరాను. బడి చదువు అంతంత మాత్రమే అయినా త్రైరాశికం మీద సొంతంగా పట్టు చిక్కించుకున్నాను. లోకంలో దేన్నైనా అందులో పెట్టి తేల్చేయొచ్చని నా నమ్మకం. (ఇప్పటికీ కొంత ఉంది.)

కంగ్టిలో పిల్లను చూడటానికి పోయే వారంలోనే నా గడ్డం మీద సెగ్గడ్డ లేచింది. ఆ పిల్లను అంతకుముందే జాతరలో దూరం నుంచి చూశాను. ఈ సంబంధం తప్పితే ఇక పెళ్లే వద్దనే స్థితిలో ఉన్నాను. దుకాణం సేటు గోలీలిచ్చి, "వారం దినాలు మింగు. జల్దీ చెయ్యకు" అన్నాడు. నాకా వారం టైం లేదు. త్రైరాశికం వేశాను: గోలీలు రెట్టింపయితే రోజులు సగం. అలాగే మింగాను. ఇందులో తప్పెక్కడుందో ఎవరైనా చూపించండి!

అక్కడితో ఆగినా బాగుండేది. మందుల డబ్బాల్లో కాగితాలు చదివీ చదివీ ఇంట్లో కూడా క్రిములను వెతకడం మొదలుపెట్టాను. మా అవ్వ (నాయన తల్లి) అంబలి కుండలో దొరికాయి. ఆమె ఆ కుండను ఏనాడూ పూర్తిగా తోమేది కాదు. నిన్నటి అంబలి కొంచెం అడుగున ఉంచి, దాని మీదే చల్లారిన జొన్న జావ పోసేది. తెల్లారేసరికి పులిసేది. వాడలోని ఇళ్లన్నిటికీ పులియబెట్టే తోడు మా కుండ నుంచే పోయేది. అవ్వ చేనుకు పోయిన పూట ఆ అడుగుది పారబోసి, మరిగే నీళ్లతో, బ్లీచింగ్ పౌడరుతో కుండను తోమి ఎండలో బోర్లించాను. మెచ్చుకుంటుందని వాకిట్లోనే నిలబడ్డాను కూడా.

"ఏంది గీ వాసన? కుండనేం జేసినవ్ రా?"

"సాఫ్ జేసిన అవ్వా. దాంట్ల కోట్ల క్రిములున్నయ్."

"ఉంటే నీకేం పాయె? నిన్నేమన్న బువ్వ అడిగినయా?"

మర్నాడు జావ పులవలేదు. కుండ అలిగిందని అవ్వ దానికి పసుపు, కుంకుమ పెట్టి బతిమాలింది. పక్కింట్లో తోడు అడుగుదామంటే, "ఇచ్చినదాన్ని, నేను పోయి అడుగుతనా?" అంది. అదే పొద్దున నా సెగ్గడ్డ అణిగింది, కడుపు తిరగబడింది. అవ్వతో కలిసి ఎక్కిన కంగ్టి బస్సులో ఆ రోజు నాకు రెండే ఆలోచనలు: బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆగినచోట పొదలెంత దూరం.

పిల్ల తరఫువాళ్లు మిర్చీలు, లడ్డూలు తెచ్చి ముందు పెట్టారు. నేను వద్దన్నాను. చాయ్ కూడా వద్దన్నాను. చూపులకొచ్చిన ఇంట్లో ఏదీ ముట్టకపోతే పిల్ల నచ్చలేదని అర్థం. ఆ సంగతి నాకు గుర్తొచ్చేసరికే పిల్ల నాయన ముఖం మాడిపోయింది. తలుపు పక్కన పిల్ల తల దించేసుకుంది. నోరు తెరిచి నిజం చెబుదామంటే సిగ్గు. చెప్పకపోతే సంబంధం పోయేటట్టుంది.

"యాకప్పా, మా ఇంట్ల ముద్ద దిగదా నీకు?" అని పిల్ల నాయనమ్మ, 'ఎందుకయ్యా' అనే కన్నడ మాట కలిపి, సూటిగానే అడిగింది.

నా తరఫున మా అవ్వ మాట్లాడింది. మాట్లాడకపోయినా బాగుండేదనిపించేలా మాట్లాడింది. "పిల్ల నచ్చక కాదు వదినా. గోలీలు బుక్కబుక్క మింగిండు. కడుపుల ఉన్నోళ్లనందరిని ఎల్లగొట్టిండు. అది సాలదని నా కుండల ఉన్నోళ్లను సుత ఎల్లగొట్టిండు. పొద్దటిసంది చెంబు ఇడుస్తలేడు."

అందరికంటే ముందు తలుపు పక్కన పిల్ల నవ్వింది. ఆ తరవాత ఆమే ఒక లోటా నిండా పుల్లటి అంబలి, ఉల్లిగడ్డ ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. కళ్లు మూసుకుని తాగాను. "తాగిండు, ఇగ కుదిరినట్టే" అన్నాడు పిల్ల నాయన. ముహూర్తం మాట ఎత్తకముందే మా అవ్వ, "వదినా, జర తోడు ఇస్తవా?" అంది. తిరుగు బస్సులో నేను కిటికీ పట్టుకుని, ఆమె ఒళ్లో చిన్న ముంత పట్టుకుని వచ్చాం. కడుపు రెండు మూడు రోజుల్లో కుదుటపడింది. గోలీలు మానినందుకో, అంబలి తాగినందుకో చెప్పలేను. రెండూ ఒకేసారి జరిగితే త్రైరాశికం పనిచేయదు.

పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు మన ఒంటి కాపలా కణాలకు ఎవరిని కొట్టాలో, ఎవరిని వదిలేయాలో నేర్పుతాయని ఇప్పుడు చదువుతున్నాను. బయటి నుంచి వచ్చే దొంగలకు చోటు దొరక్కుండా అవే నిండుగా కూర్చుంటాయట. నేనేమో పంతుళ్లను, దొంగలను ఒకే పద్దులో రాసి కొట్టేశాను. అవ్వకు ఇవేవీ తెలియవు; కుండ అలిగిందనే చివరిదాకా నమ్మింది.

ఆ కుండ ఎప్పుడో పగిలిపోయింది. కంగ్టి తోడు మాత్రం కుండలు మారుతూ మా వంటింట్లోనే ఉంది. నేను అటు వెళితే చాలు, నా భార్య మూత సర్ది, "ఏంది, సాఫ్ జేస్తవా?" అంటుంది. అప్పటి నేననే ఆ కుర్రవాడు ఇప్పుడెదురైతే చేతిలోని గోలీలు లాక్కుంటాను గానీ, త్రైరాశికం మాత్రం వాడికే వదిలేస్తాను. ఆ లెక్క తప్పకపోతే ఆ రోజు తలుపు పక్కన ఆమె నవ్వేది కాదు.