పదహారుమంది పాటకి ఆరుగురు

మా మరిదిగారింట్లో హాలు పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పదకొండు. సోఫా, టీవీ బల్ల వరండాలోకి తీయించేక టేపు పెట్టి నేనే కొలిచేను.

"టైల్సు వెయ్యడానికొచ్చేరేంటండీ అక్కగారూ?" అంది ఎదురింటావిడ.

"మీరు చెయ్యి చాపితే ఎంత జాగా పడుతుందో చూస్తున్నాను."

"చెయ్యొక్కటే కొలిస్తే సరా అండీ? మనిషినంతా కొలవాలంటే ఆ టేపు చాలదు."

అందరూ నవ్వేరు. మా తోటికోడలి కూతురు మాత్రం నవ్వలేదు. ఫోను రెండు చేతుల్తో పట్టుకుని గోడవార నిలబడింది.

కార్తీకమాసం రెండో శనివారం, మధ్యాహ్నం మూడింటప్పుడు సంగతి ఇది. మా కోలాటం జట్టులో ఒకప్పుడు పదహారుమందిమి. ఐదుగురు కువైట్‌లో ఇళ్ళపనికి వెళ్ళేరు. ముగ్గురికి మోకాళ్ళు పోయేయి. ఇద్దరు మనవల్ని చూసుకోడానికి హైదరాబాదులో ఉండిపోయేరు. ఒకరు చనిపోయేరు. మిగిలింది ఈ ఎదురింటావిడతో కలిపి ఐదుగురు. కువైట్ నుంచి ఈ పిల్ల సెలవుకి వచ్చింది కాబట్టి ఆవేళకి ఆరుగురు. నేను లెక్కలోకి రాను. కాళ్ళు సహకరించడం మానేసేక తాళాలు వేస్తూ ఆట చెప్పడమే నా పని.

చనిపోయినావిడ మా తోటికోడలు, ఈ పిల్ల తల్లి. జట్టుకి పాట ఆవిడే. సంవత్సరీకాలు ఆశ్వయుజంలో అయిపోయేయి కాబట్టి ఆ ఇంట్లో ఆటకి అడ్డు లేదు. తల్లి పోయినప్పుడు పిల్లని అక్కడి యజమానులు పంపలేదు. అంతా ఫోన్లోనే చూసింది. వచ్చిన దగ్గర్నుంచి దానిదొకటే బాధ: అమ్మ చివరిసారి తనతో ఏం అందో గుర్తు రావట్లేదని. తనే ఏదో పనిలో ఉండి, సరే సరే అని ఫోను పెట్టేసిందిట.

దాని ఫోన్లో తల్లి పాట ఒకటుంది. రెండేళ్ళ కిందట సెలవుకొచ్చినప్పుడు, మాతో కలిసి సాధన చేస్తూ, ఫోను ఓ పక్కన పెట్టి పట్టింది. "అమ్మ పాటకి ఒక్కసారి ఆడించు దొడ్డమ్మా. ఒక్కదాన్నే వినలేకపోతున్నాను. బుధవారం ఫ్లైటు," అంది.

ఫోను పాట వద్దన్నాను. ఎదుట కూర్చుని పాడే మనిషైతే మేం తడబడినప్పుడు ఆగుతుంది, ఫోను ఆగదు. పైగా ఆ పాట పదహారుమందికి కట్టింది. ఒక్కో చరణానికి పెద్ద వలయం ఒక చుట్టు తిరిగొస్తుంది. ఆరుగురైతే సగం చరణానికే చుట్టు అయిపోతుంది.

"అయితే రెండు చుట్లు తిరుగుతాం," అంది పిల్ల.

శుక్రవారం రాత్రంతా ఆలోచించేను. ఆట తీరుని మేం కోపు అంటాం. తాళ్ళు జడలా అల్లుతూ ఆడే జడకోపు కుదరదు. తాళ్ళు కట్టడానికి ఫ్యాను కొక్కెం ఉందిగానీ, తాళ్ళు పట్టుకుని తిరగడానికి జాగా లేదు. రెండు వరసలుగా ఎదురెదురు నిలబడే కోపు వేస్తే చివరి ఇద్దరి మోచేతులు గోడకి తగులుతాయి. గెంతులున్నవి ఆ నున్నటి టైల్సు మీద అసలు పనికిరావు. చివరికి ఒకటే వలయం, అర అడుగులు, కోలలు భుజం దాటి పైకి లేవకుండా ఆడే కోపు ఖాయం చేసేను. చిన్నపిల్లలకి నేర్పేటప్పుడు వాడే పొట్టి కోలలు తెప్పించేను.

శనివారం అందరూ వలయంగా నిలబడ్డాక పిల్ల పాట పెట్టింది. ఆ గొంతు హాల్లోకి వచ్చేసరికి ఎవరూ కదల్లేదు. తాళం వేసేను. కదిలేరు. అర అడుగులు బాగానే కుదిరేయి. రెండో చరణం మధ్యలో పాట ఆపి ఆ గొంతు ఒక్కసారిగా అరిచింది.

"అమ్మాయ్, చెట్టు!"

కిటికీ దగ్గరికొచ్చిన పిల్ల చటుక్కున లోపలికి తప్పుకుంది. దాని వెనకున్నావిడా తప్పుకుంది. ఆ వెనకావిడా. అక్కడ టైల్సు తప్ప ఏమీ లేదు.

పిల్ల పరుగున వెళ్ళి ఫోను ఆపేసింది.

ఆ హాలు కట్టిన జాగా అంతకుముందు వాళ్ళ పెరడు. మేం ఆడింది ఆ పెరట్లోనే. సరిగ్గా కిటికీ ముందు, వలయానికి అడ్డంగా కొబ్బరిచెట్టొకటి ఉండేది. పిల్ల కువైట్ డబ్బుతో పునాది తీసినప్పుడు కొట్టేసేరు. పాట ధ్యాసలో పడితే ఈ పిల్ల ఎటు పోతోందో చూసుకోదు. చిన్నప్పుడోసారి ఆ చెట్టుకి నుదురు కొట్టుకుంది కూడా.

"నన్నే దొడ్డమ్మా. అమ్మ నన్నే పిలిచింది," అంది.

"నిన్నేనే."

"తర్వాత ఇంకేమైనా అందా?"

నాకు గుర్తు లేదు. తారీకులు, తిథులు అడిగితే చెప్పగలను. పెరట్లో ఒక సాయంత్రం ఆవిడ ఏమందో ఎలా చెప్పను?

"మళ్ళీ పెట్టు," అన్నాను.

ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుంది. "వద్దండి అక్కగారూ. నాకు ఒళ్ళు జలదరిస్తోందండి. ఆయ్, నిజంగానండి."

"మీ జాగాలో మీరు నిలబడండి," అన్నాను.

మళ్ళీ మొదలైంది. మొదటి చరణం అయింది. రెండోదాని మధ్యకొచ్చేసరికి పిల్ల వలయంలోంచి బయటికి జరిగి, కిటికీ ముందు, చెట్టున్న చోట నిలబడిపోయింది. కోలలు రెండూ దించేసింది. నేను చెప్పకుండానే మిగిలిన ఐదుగురూ దాని దగ్గరికొచ్చి లోపలికి తప్పుకుని వెళ్తున్నారు.

"అమ్మాయ్, చెట్టు!" అంది గొంతు. ఫోన్లో కాసేపు కోలల చప్పుడే వినబడింది. తర్వాత విసుగ్గా, నవ్వుతూ, "నీకెన్నిసార్లు చెప్పాలే?"

"ఇంకొక్కసారి చెప్పమ్మా," అంది పిల్ల ఫోను వైపు చూస్తూ.

గొంతు మూడో చరణం ఎత్తుకుంది. నేను తాళం ఆపలేదు.