నాయనకు వీపు తిప్పిన సాయంకాలం

కుంపినీ దొరల పాలన పోయి సీమ రాణిగారి ఏలుబడి వచ్చిన కొన్నేళ్లకు, కోయంబత్తూరు కాలేజీలో లెక్కల ఉపాధ్యాయుడి ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. ఆ అర్జీకి నాలుగుసార్లు శుద్ధప్రతి రాశాను. యోగ్యతాపత్రాలకు నకళ్లు తీసి దారంతో కుట్టాను. పెద్దల ఎదుట ఒక పాఠం కూడా చెప్పి చూపాలి. తుడియలూరులో మా పత్తికొట్టు గోడకు మసి పూసి నల్లబల్ల చేసుకున్నాను. నా భార్య పత్తి వలుస్తూ శిష్యురాలిగా కూర్చునేది.

"కోణాలు చాలు. చేనుకు వాటితో ఏమి పని? అది చెప్పండి అయ్యవారూ," అని ఏడిపించేది. ఆమె అడిగినందుకే పాఠంలో మా నల్లరేగడి చేను కొలత చేర్చాను.

పాఠం చెప్పే రోజున ఎదురుగా కాలేజీ పెద్ద అయిన దొర, పక్కన ముగ్గురు ముసలి పండితులు కూర్చున్నారు. మా ఇళ్లలో పెద్దలకు వీపు చూపే ఆచారం లేదు. వాళ్ల ముందునుంచి వెళ్లేటప్పుడు కూడా వెనక్కు అడుగులు వేస్తాం. సుద్ద పట్టుకున్నానే గానీ నా ఒళ్లు బల్లవైపు తిరగలేదు. వాళ్ల ముఖాలు చూస్తూనే చెయ్యి వెనక్కు చాచి గీశాను. బల్లమీద గీసిన చేను ఒక పక్కకు జారిపోయింది.

"రేపు ఉదయం మళ్లీ రండి. సరిగ్గా గీయండి. అదే ఆఖరు," అన్నాడు దొర.

ఇంట్లో చెబితే నా భార్య, "నా ముందర బాగా తిరిగినారే! నేను పెద్దదాన్ని కాననా?" అంది. వెంటనే వెళ్లి మా అమ్మతో ఏదో చెప్పింది. అమ్మ నాయనను పిలుచుకొని వచ్చి పత్తిమూట మీద కూర్చోబెట్టింది.

"తిరుగరా," అన్నాడు నాయన.

"వద్దు నాయనా."

"నీ వీపు నేను చూడనిదా? మీ అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు నీళ్లు పోసి రుద్దినోణ్ణి నేనే. తిరుగు. గట్టు సరిగా గీయి, లేకుంటే పక్కోడు దున్నుకుంటాడు."

అమ్మ నవ్వింది. నేను తిరిగాను. గీత తిన్నగా వచ్చింది. వెనకనుంచి నాయన గొంతు వినబడింది.

"సరి. బావి కూడా వేసినావే."

మర్నాడు పండితులకు నమస్కరించి బల్లవైపు తిరిగాను. చేను నాలుగు మూలలా నిలిచింది.

ఉద్యోగం ఖాయమైన రోజుకు నా దినచర్య పుస్తకంలో ఒక్క పంక్తే ఉంది. పత్తికొట్టు సాయంకాలానికి మాత్రం రెండు పుటలు పట్టాయి.